గుండెకు రెండు చెవులు, రెండు పొట్టలు

ఈ ఏడాది మన బడిలో పై తరగతి పిల్లలకు శరీర భాగాల పాఠం చెబుతున్నప్పుడు మేము ఒక సంగతి గమనించాము. కన్ను, ముక్కు, మోకాలు, మోచెయ్యి, మడమ - ఇలా చర్మానికి బయట ఉన్నవన్నీ పిల్లలకు తెలుగులో వచ్చు. చర్మానికి లోపల ఉన్నవి మాత్రం జర్మనులోనే వచ్చు. గుండె బొమ్మ ఇస్తే ఫోర్‌హోఫ్, కమ్మర్, క్లప్పె అని గబగబా పేర్లు పెట్టేస్తారు. అదే బొమ్మ తల్లిదండ్రుల ముందు పెడితే తెలుగు మీడియంలో చదివినవాళ్ళు కర్ణిక, జఠరిక అంటారు, ఇంగ్లీషు మీడియం వాళ్ళు ఏట్రియం, వెంట్రికల్ అంటారు. ఒకే ఇంట్లో ఒకే గుండెకు మూడు భాషలన్నమాట.

"అయితే ఏమైంది? పరీక్ష జర్మనులోనే కదా!" అని మీరు అడగవచ్చు. పరీక్ష సంగతి కాదు. ఏటా వేసవిలో మన ఇళ్ళకు అమ్మమ్మలు, తాతయ్యలు మూడు నెలల వీసా మీద వస్తారు. ఒంట్లో నలతగా ఉండి డాక్టరు దగ్గరకు వెళితే, ఆయనకూ తాతయ్యకూ మధ్య కుర్చీలో కూర్చునేది చాలాసార్లు పన్నెండేళ్ళ మనవడో, మనవరాలో. అమ్మానాన్నల జర్మను కంటే వాళ్ళ జర్మనే నయం కాబట్టి. ఆ కుర్చీలో కూర్చోబోయే పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాము. మేము డాక్టర్లం కాము, ఇంజనీరింగు చదివి కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం. అందుకని మందుల జోలికి పోము. యంత్రం ఎలా పనిచేస్తుందో, దాని భాగాలను ఏ భాషలో ఏమంటారో, అంతవరకే.

చెవి, పొట్ట, వాకిలి, గది

గుండె మన పిడికిలంత ఉంటుంది. పెద్దవాళ్ళలో బరువు సుమారు 300 గ్రాములు. ఛాతీలో రెండు ఊపిరితిత్తుల మధ్య, కాస్త ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. లోపల నాలుగు గదులు. పై రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు.

పిల్లలూ, ఈ మాటలు కష్టంగా ఉన్నాయని భయపడకండి. కర్ణికలో ఉన్నది కర్ణం, అంటే చెవి. పై గదులకు పక్కన కుక్కపిల్ల చెవిలా వేలాడే చిన్న భాగం ఒకటి ఉంటుంది. దాన్ని జర్మనులో కూడా హెర్త్స్‌ఓర్, అంటే గుండె చెవి అనే అంటారు. జఠరికలో ఉన్నది జఠరం, అంటే పొట్ట. వెంట్రికల్ అనే లాటిన్ మాటకు కూడా చిన్న పొట్ట అనే అర్థం. జర్మనువాళ్ళు మాత్రం గుండెను ఇల్లుగా చూశారు. ఫోర్‌హోఫ్ అంటే ఇంటి ముందు వాకిలి, కమ్మర్ అంటే గది. వచ్చిన రక్తం ముందు వాకిట్లో ఆగి, తలుపు తెరుచుకోగానే గదిలోకి వెళుతుంది. ఆ తలుపే కవాటం. జర్మనులో క్లప్పె. మా మట్టుకు మాకు జర్మను పోలికే బాగుంది, పని తీరు పేరులోనే తెలిసిపోతుంది.

ఇక రక్తం వెళ్ళే దారి. ఒళ్ళంతా తిరిగి ఆక్సిజన్ ఖర్చు పెట్టుకున్న రక్తం రెండు పెద్ద సిరల ద్వారా కుడి కర్ణికలోకి వస్తుంది. తల, చేతుల నుంచి వచ్చేది ఊర్ధ్వ బృహత్సిర, కాళ్ళు, పొట్ట నుంచి వచ్చేది అధో బృహత్సిర. కుడి కర్ణిక నుంచి మూడు రెక్కల కవాటం దాటి కుడి జఠరికలోకి, అక్కడినుంచి పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ బొగ్గుపులుసు వాయువు వదిలేసి, ఆక్సిజన్ నింపుకుని, పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికలోకి వస్తుంది. రెండు రెక్కల కవాటం దాటి ఎడమ జఠరికలోకి, అక్కడినుంచి బృహద్ధమని ద్వారా మళ్ళీ ఒళ్ళంతా. స్టెతస్కోపులో వినబడే లబ్-డబ్ అనే చప్పుడు ఈ కవాటాలు మూసుకునే చప్పుడే.

పరీక్షలో పిల్లలు తరచు పొరబడే చోట్లు రెండున్నాయి. బొమ్మలో మనకు ఎడమవైపు కనబడేది ఆ మనిషికి కుడివైపు, ఎదురుగా నిలబడినవాడి చెయ్యిలాగ. రెండోది, ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడ్డ రక్తం అని బట్టీ పట్టడం. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర, అంతే. అందుకే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం, పుపుస సిరల్లో ఆక్సిజన్ నిండిన రక్తం ప్రవహిస్తాయి.

ఇంజనీరు కళ్ళతో చూస్తే ఇది ఒక పంపు కాదు, ఒకే గోడకు అటూ ఇటూ కట్టిన రెండు పంపులు. కుడి పంపు నిమిషానికి ఎంత తోస్తే ఎడమ పంపూ అంతే తోయాలి, లేకపోతే మధ్యలో ఉన్న ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కుడిదానికి పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా పంపితే చాలు. ఎడమదానికి అరికాలి నుంచి నడినెత్తి దాకా పంపే పని. అందుకే ఎడమ జఠరిక గోడ కుడిదానికి సుమారు మూడింతల మందం ఉంటుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన లెక్క

రక్తం ఇలా గుండ్రంగా తిరుగుతుందని లోకానికి చాటిన పుస్తకం మన ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే 1628లో అచ్చయింది. రాసినవాడు ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే, రాసిన భాష లాటిన్. అప్పటికే ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతకు యూరప్ అంతటా పేరుంది. అంతకుముందు వెయ్యేళ్ళకు పైగా, రక్తం కాలేయంలో తిండి నుంచి తయారై ఒంట్లో ఖర్చయిపోతుందని నమ్మేవారు.

హార్వే వాదనలో అన్నిటికంటే మాకు నచ్చింది ఆయన వేసిన లెక్క. ఇప్పటి అంకెలతో మనమూ వేద్దాం. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్లు బయటికి తోస్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దాదాపు 5 లీటర్లు. రోజుకు 7,000 లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే 5 లీటర్లు. రోజుకు 7,000 లీటర్ల రక్తం కొత్తగా తయారు కావాలంటే ఎంత తినాలి? పెళ్ళి భోజనం పెట్టినా చాలదు. కాబట్టి ఉన్న రక్తమే తిరిగి తిరిగి వస్తూ ఉండాలి. హార్వే కావాలనే బాగా తక్కువ అంకెలు వేసుకున్నాడు, అయినా లెక్క అదే తేలింది.

ఆయన చేసిన ఒక ప్రయోగం మీరూ ఇంట్లో చేయవచ్చు. తాతయ్యను చెయ్యి కాసేపు కిందికి వేలాడేసి ఉంచమనండి. ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి. ఒకదాన్ని ఒక వేలితో నొక్కి పట్టుకుని, ఇంకో వేలితో అక్కడినుంచి మోచేతి వైపు కొంతదూరం రాస్తూ పోయి, ఆ రెండో వేలు తీసెయ్యండి. మధ్యలో కవాటం ఉంటే ఆ ముక్క చప్పబడే ఉంటుంది, పైనున్న రక్తం వెనక్కి దిగదు. మొదటి వేలు తీయగానే కింది నుంచి నిండుకొస్తుంది. సిరల్లో ఈ కవాటాలు లేకపోతే కాళ్ళలో రక్తం పైకి ఎక్కడం కష్టం. నడిచినప్పుడు పిక్క కండరాలు సిరలను పిండుతాయి, కవాటాలు రక్తాన్ని కిందికి పోనివ్వవు. హైదరాబాద్ విమానంలో గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పాదాలు వాచేది ఈ పిండే పని ఆగిపోవడం వల్లనే.

ధమనులు అలా కాదు. గుండె తోసిన ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి వాటి గోడ మందంగా, సాగే గుణంతో ఉంటుంది. మణికట్టు దగ్గర మనకు తగిలే నాడి ఆ సాగుడే. జర్మనులో ధమనికి ష్లాగ్‌ఆడర్ అనే పేరు కూడా ఉంది, కొట్టుకునే నాళం అని అర్థం. ధమనికీ సిరకూ మధ్య ఏముందో హార్వే చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1661లో, ఇటలీకి చెందిన మాల్పీగీ సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తిని చూసి సన్నటి నాళాలను కనిపెట్టాడు. వాటి పేరు తెలుగులో కేశనాళికలు, జర్మనులో హార్‌గెఫేస్, లాటిన్ నుంచి వచ్చింది కాపిల్లరీ. మూడు భాషల్లోనూ వెంట్రుకే! నిజానికి అవి వెంట్రుక కంటే చాలా సన్నం. ఎర్ర కణాలు వాటిలో రేషను షాపు క్యూలోలాగా ఒకదాని వెనక ఒకటిగా వెళ్ళాల్సిందే.

మార్బుర్గ్‌లో ఒక జపాను విద్యార్థి

గుండెకు కొట్టుకోమని ఎవరు చెబుతారు? మెదడు వేగం పెంచగలదు, తగ్గించగలదు గానీ, అసలు ఆజ్ఞ గుండెలోనే పుడుతుంది. కుడి కర్ణిక పైభాగంలో చిన్న కండర ముద్ద ఒకటి నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. దీన్ని 1907లో ఇంగ్లండులో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు వివరించారు. దానికి ముందే సంకేతం కర్ణికల నుంచి జఠరికలకు ఎలా దిగుతుందో తేల్చినది సునావో తవారా. ఆయన 1903లో జపాను నుంచి జర్మనీ వచ్చి, మార్బుర్గ్‌లో లుడ్విగ్ అషోఫ్ దగ్గర పనిచేశాడు. ఓపికగా గుండెలను పలచటి పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ, కర్ణికలకూ జఠరికలకూ నడుమ ఉన్న కణుపును, అక్కడినుంచి చెట్టు కొమ్మల్లా చీలే దారులను గుర్తించి, 1906లో జర్మను భాషలోనే పుస్తకం ప్రచురించాడు. పరాయి దేశం వచ్చి, పరాయి భాష నేర్చుకుని అందులోనే పుస్తకం రాయడమంటే ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ కణుపు చేసే పని మా వృత్తివాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. సంకేతాన్ని సుమారు సెకనులో పదో వంతు ఆపి పంపుతుంది. ఆ ఆలస్యం లేకపోతే వాకిలీ గదీ ఒకేసారి ముడుచుకుంటాయి, గది నిండకుండానే ఖాళీ అవుతుంది. పై ముద్ద పనిచేయడం మానేస్తే ఈ కణుపే తక్కువ వేగంతో, నిమిషానికి 40 నుంచి 60 సార్లు, గుండెను నడిపిస్తుంది. బ్యాకప్ అన్నమాట.

1929

గుండె తన గదుల నిండా రక్తం పెట్టుకుని కూడా దాన్ని నేరుగా వాడుకోలేదు. బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు హృదయ ధమనుల ద్వారా తన వాటా తాను తీసుకోవాలి. వాటిలో ఒక కొమ్మ మూసుకుపోతే దాని కింద ఉన్న కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అదే గుండెపోటు. ఇప్పుడు మణికట్టు దగ్గర సన్నటి గొట్టం దూర్చి ఆ మూసుకున్న చోటు తెరుస్తున్నారు. ఈ పద్ధతికి మూలం బెర్లిన్‌కు ఈశాన్యంగా ఉన్న ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊరు.

1929లో అక్కడి ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ లోపు డాక్టరు ఉండేవాడు. సిర ద్వారా గొట్టాన్ని గుండె దాకా పంపవచ్చని ఆయన నమ్మకం. పై డాక్టరు ఒప్పుకోలేదు. ఫోర్స్‌మన్ గెర్డా డిట్సెన్ అనే నర్సును ఒప్పించి పరికరాలు సంపాదించాడు. ప్రయోగం తన మీదే చెయ్యమని ఆవిడ అంటే, బల్లకు కట్టేసి, ఆవిడ చూడకుండా తన ఎడమ మోచేతి సిరలోకే గొట్టం తోసుకున్నాడు. 65 సెంటీమీటర్లు లోపలికి వెళ్ళాక ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి ఫోటో తీయించుకున్నాడు. గొట్టం కొస కుడి కర్ణికలో ఉంది! దారి మీరే చెప్పగలరు: మోచేతి సిర, భుజం కింది సిర, ఊర్ధ్వ బృహత్సిర, కుడి కర్ణిక. పిల్లలూ, దయచేసి ఈ ప్రయోగం మాత్రం ఇంట్లో చెయ్యకండి. అప్పట్లో ఆయనకు మెప్పు కంటే చీవాట్లే ఎక్కువ దక్కాయి. 1956లో ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చేటప్పటికి బాడ్ క్రోయిట్స్‌నాఖ్‌లో మూత్రవ్యాధుల వైద్యుడిగా ఉన్నాడు. ఆ దారినే ముందుకు తీసుకుపోయి, డ్రెస్డెన్‌లో పుట్టిన ఆండ్రెయాస్ గ్రూంట్సిగ్ 1977 సెప్టెంబరులో జూరిక్‌లో మొదటిసారి హృదయ ధమనిని చిన్న బెలూనుతో వెడల్పు చేశాడు.

అదే 1929లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు, బోస్టన్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించినట్టు ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే ఏడాది కనిపెట్టాడు. గుండె కండరం ముడుచుకున్న ప్రతిసారీ ఖర్చయ్యే ఇంధనం ఏటీపీయే.

చిల్లు లేని గారెలు

రక్తంలో సగానికి కాస్త ఎక్కువ ప్లాస్మా అనే లేత పసుపు ద్రవం. మిగతాది కణాలు. ఎర్ర రక్త కణాన్ని చూస్తే, గారె తట్టి మధ్యలో వేలితో నొక్కి చిల్లు పెట్టడం మరిచిపోయినట్టు ఉంటుంది. వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరులో 130 దాకా పక్కపక్కన పడతాయి. ఎముక మూలుగలో సెకనుకు సుమారు ఇరవై లక్షలు తయారవుతాయి, 120 రోజులు బతుకుతాయి. వాటిలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తుంది. ఇవి సరిగా తయారు కావడానికి ఇనుముతోబాటు ఫోలిక్ ఆసిడ్ కావాలి. సుబ్బారావు గారి సోదరుడు స్ప్రూ వ్యాధితో చనిపోయారు. తిన్నదాంట్లోని ఫోలిక్ ఆసిడ్ ఒంటికి పట్టకుండా చేసే జబ్బు అది. 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించినది సుబ్బారావు గారే. ఆ బృందం తయారు చేసిన దాని విరుగుడు మందులతోనే 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను మొదటిసారి తాత్కాలికంగానైనా అదుపు చేయగలిగాడు. లుకేమియా అంటే తెల్ల రక్తం. ఆ పేరు పెట్టినది బెర్లిన్‌కు చెందిన రుడాల్ఫ్ విర్షో. సుబ్బారావు గారు అదే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, గుండె ఆగి మరణించారు.

తెల్ల కణాలు సైనికులు. యూరో రాకముందు 200 మార్కుల నోటు మీద బొమ్మగా ఉన్న పాల్ ఎర్లిఖ్, విద్యార్థిగా ఉన్నప్పుడే బట్టల రంగులు తెచ్చి కణాలకు అద్దడం మొదలుపెట్టాడు. ఏ కణం ఏ రంగు పీల్చుకుంటుందో చూసి తెల్ల కణాలను రకాలుగా విడదీశాడు. ఇయోసిన్ అనే ఎర్ర రంగును పీల్చుకునేవి ఇసినోఫిల్స్. ఊళ్ళో దగ్గు తగ్గకపోతే డాక్టరుగారు చెప్పే ఇసినోఫీలియాలో ఉన్నది ఆ రంగు పేరే. మూడో రకం రక్త ఫలకికలు, డెంగీ పుణ్యమా అని అందరికీ తెలిసిన ప్లేట్‌లెట్లు. దెబ్బ తగిలినచోట గుమిగూడి రక్తం కారకుండా ఆపుతాయి.

ఇక్కడి రక్తపరీక్ష కాగితం చూసి తాతయ్యలు కంగారు పడుతుంటారు. త్రోంబోత్స్యూటెన్ 250 అని ఉంటే ప్లేట్‌లెట్లు 250 కావు, 250 వేలు, అంటే రెండున్నర లక్షలు. లక్షన్నర నుంచి నాలుగు లక్షల దాకా మామూలే. ఎరిత్రోత్స్యూటెన్ 4.8 అంటే ఎర్ర కణాలు 48 లక్షలు. లోయ్‌కోత్స్యూటెన్ అంటే తెల్ల కణాలు.

మాట మార్చేటప్పుడు

అన్నిటికంటే ఇబ్బంది పెట్టే తెలుగు మాట నరం. "నరం దొరకలేదు, మూడుసార్లు పొడిచారు" అని అమ్మమ్మ అంటే అది సిర, జర్మనులో వేనె. "నరాల బలహీనత" అంటే మాత్రం నెర్ఫ్. రెండిటికీ మనం ఒకటే మాట వాడతాం. ఎక్కడ, ఏమవుతోంది అని అడిగి తెలుసుకున్నాకే మాట మార్చండి. అలాగే "బి.పి. ఉంది" అంటారు. బి.పి. అందరికీ ఉంటుంది, లేకపోతేనే ప్రమాదం! జర్మనులో చెప్పాల్సింది బ్లూట్‌హోఖ్‌డ్రుక్. "రక్తం తక్కువ" అంటే రక్తం కారిపోయిందని కాదు, రక్తహీనత, బ్లూట్‌ఆర్మూట్.

"గుండెల్లో మంట" అంటే సాధారణంగా కారం తిన్నాక పులితేన్పులతో వచ్చే మంట. దానికి జర్మనులో జోట్‌బ్రెన్నెన్ అనే మాట ఉంది, అందులో గుండె ప్రస్తావనే లేదు. కానీ తాతయ్య మంట అన్నంత మాత్రాన అది జోట్‌బ్రెన్నెనే అని మీరు తేల్చకండి. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం, వీటిలో ఏవైనా ఉన్నాయా అని అడగండి. ఆడవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో నొప్పి లేకుండా వాంతి, నీరసం మాత్రమే కూడా ఉండవచ్చు. దక్షిణాసియా దేశాల్లో మొదటి గుండెపోటు వచ్చే వయసు మిగతా దేశాల కంటే సగటున ఐదారేళ్ళు ముందుగా ఉందని 2007లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. అందుచేత ఈ ప్రశ్నలు తాతయ్యలకే కాదు, నలభైల్లో ఉన్న నాన్నలకూ అడగవలసినవే. 35 ఏళ్ళు దాటినవారికి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద మూడేళ్ళకోసారి ఉచితంగా పరీక్షలు చేస్తారు. మనలో ఎంతమంది చేయించుకుంటున్నామో మీకే తెలుసు.

పైన చెప్పిన లక్షణాలు కనబడితే కారులో మీరే తీసుకుపోవద్దు. 112కు ఫోను చెయ్యండి. అంబులెన్సులోనే చికిత్స మొదలవుతుంది. ఫోనులో ముందు చిరునామా చెప్పాలి, ఆ తర్వాత తలుపు గంట మీద ఏ ఇంటిపేరు ఉందో చెప్పాలి. మన ఇంటిపేర్లు పొడుగు కాబట్టి, ఒక్కొక్క అక్షరం జర్మను పద్ధతిలో పలికి చెప్పడం ఇప్పుడే ఒకసారి అలవాటు చేసుకోండి.